తలుపు తట్టని సర్వే

2014 ఆగస్టు 19, మంగళవారం. తెలంగాణ ఏర్పడి మూడు నెలలు కూడా నిండలేదు. సమగ్ర కుటుంబ సర్వే కోసం ఆ రోజు రాష్ట్రమంతా ఇంటిపట్టున కూర్చుంది. దుకాణాలకు తాళాలు పడ్డాయి. బతుకుదెరువు కోసం బయటి ఊళ్లకు పోయినవాళ్లు ముందే బస్సులు, రైళ్లు పట్టుకుని సొంతూళ్లకు చేరారు. నాగార్జునసాగర్ రోడ్డు మీది తుర్కయాంజాల్ అప్పటికి ఒక గ్రామ పంచాయతీ. అక్కడ కూడా ఎన్యూమరేటర్లు ఫారాల కట్టలు పట్టుకుని గడప గడపా తిరిగారు. ఇంట్లో ఎంతమంది ఉన్నారు, ఎవరేం పని చేస్తారు, భూమి ఎంత, ఇల్లు సొంతమా కిరాయా, బండి ఉందా? ఈ ప్రశ్నల గురించి అంతకుముందు టీవీల్లో, టీ కొట్ల దగ్గర వాదనలు జోరుగా నడిచాయి. ఇవన్నీ ఎందుకు అడుగుతున్నారు, చెప్పకపోతే ఏమవుతుంది, చెబితే రేషన్ కార్డు పోతుందా అని జనం నిలదీశారు. హైకోర్టు దాకా వెళ్లినవాళ్లూ ఉన్నారు.

ఆ సర్వే మంచిచెడ్డలు ఎలా ఉన్నా, అందులో అడిగే మనిషి ఎదురుగా కూర్చున్నాడు. ప్రశ్న చెవిన పడింది. జవాబు ఏ గడిలో రాసుకున్నాడో కంటికి కనబడింది. ఇష్టంలేని ప్రశ్న వస్తే మాట దాటేసే వీలుంది.

తుర్కయాంజాల్ 2019లో మున్సిపాలిటీ అయింది. ఇంజాపూర్, రాగన్నగూడ, మన్నెగూడ లాంటి చుట్టుపక్కల ఊళ్లు దానిలో కలిశాయి. పొలాలు వెంచర్లయ్యాయి, వెంచర్లలో అపార్టుమెంట్లు లేచాయి. ఇళ్లలో, కొట్లలో, రియల్ ఎస్టేట్ ఆఫీసుల్లో, మీ సేవ కేంద్రాల్లో కంప్యూటర్లు వచ్చి కూర్చున్నాయి. ఆ కంప్యూటర్లలో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా సర్వే చేస్తుంది. దానికి సెలవు రోజంటూ లేదు, గడప దగ్గర నిలబడి పిలిచే పనీ లేదు. ఆ సర్వే మీద మాత్రం టీ కొట్టు దగ్గర ఎవరూ వాదించుకోలేదు. ఈ అధ్యాయం దాని గురించే.

కంప్యూటర్‌లో మనం వాడే ప్రతి ప్రోగ్రామూ ఆపరేటింగ్ సిస్టమ్ ద్వారానే పనిచేయాలి. మీటలు నొక్కితే ఆ సంగతి మొదట తెలిసేది దానికే. ఫైలు తెరవాలన్నా, ప్రింటర్‌కు పంపాలన్నా, వైఫై పట్టుకోవాలన్నా, కెమెరా వెలగాలన్నా దాని చేతి మీదుగానే జరగాలి. నచ్చని యాప్ ఉంటే తీసేస్తాం. నచ్చని వెబ్‌సైట్ ఉంటే వెళ్లడం మానేస్తాం. ఆపరేటింగ్ సిస్టమ్‌ను అలా పక్కన పెట్టలేం. అది లేకపోతే యంత్రం ఉత్త ఇనప డబ్బా. అందుకే అది సేకరించే సమాచారాన్ని మామూలు యాప్ సేకరించే సమాచారంతో సమానంగా చూడకూడదు. దాని ముందు వినియోగదారుడికి బేరమాడే శక్తి చాలా తక్కువ.

ఈ సమాచారాన్ని సేకరించి దూరానికి పంపే ఏర్పాటును టెలిమెట్రీ అంటారు. మైక్రోసాఫ్ట్ కంపెనీ తన విండోస్‌లో దీనికి ‘డయాగ్నస్టిక్ డేటా’ అని పేరు పెట్టింది. పని జరిగే తీరు ఇది: సిస్టమ్‌లోని ఒక్కో భాగం తన దగ్గర ఏదైనా జరిగినప్పుడు చిన్న చీటీ రాస్తుంది. ప్రోగ్రామ్ తెరుచుకుంది, డ్రైవర్ మొరాయించింది, అప్‌డేట్ సగంలో ఆగింది, ఇలాంటివన్నీ చీటీలవుతాయి. చీటీ మీద సమయం, సిస్టమ్ వెర్షన్, ఆ యంత్రానికి ఇచ్చిన గుర్తింపు సంఖ్య ఉంటాయి. వెనకాల నిత్యం నడిచే ఒక సర్వీసు ఈ చీటీలన్నిటినీ పోగుచేసి, తాళం వేసిన కట్టగా కంపెనీ సర్వర్లకు పంపుతుంది. దారిలో మూడోవాడు విప్పి చదవలేకుండా గుప్తీకరణ ఉంటుంది. కాబట్టి ఇక్కడ భయపడాల్సింది దారిదోపిడీ గురించి కాదు. ఏ చీటీలు రాయాలో, ఎన్ని పంపాలో ఎవరు తేల్చారన్నదే ప్రశ్న.

అది మొదట తేలేది ఒక తెర మీద. కొత్త కంప్యూటర్‌ను మొదటిసారి ఆన్ చేసినప్పుడు, భాష, వైఫై, ఖాతా అడిగాక, విండోస్ 11 గోప్యత గురించి ఒక పేజీ చూపిస్తుంది. అందులో ఆరు సంగతులుంటాయి: యంత్రం ఎక్కడుందో తెలుసుకునే లొకేషన్, పోయిన యంత్రాన్ని వెతికే సౌకర్యం, డయాగ్నస్టిక్ డేటా, చేతిరాత–టైపింగ్ నమూనాలు, ఆ డేటాను బట్టి మనకు తగ్గ సలహాలూ ప్రకటనలూ చూపడం, ప్రకటనల కోసం ఇచ్చే గుర్తింపు సంఖ్య. ప్రతిదాని పక్కనా ఒక స్విచ్. మన దగ్గర అమ్ముడయ్యే యంత్రాల్లో ఆ స్విచ్‌లు మామూలుగా ‘ఆన్’లోనే ఉంటాయి. కింద ‘యాక్సెప్ట్’ అనే బొత్తాం.

ఆ బొత్తాం నొక్కేది ఎవరు? సాగర్ రోడ్డు మీద దస్తావేజులు రాసే ఒక డాక్యుమెంట్ రైటర్‌ను ఊహించుకుందాం. ఇక్కడ భూముల క్రయవిక్రయాలే పెద్ద వ్యాపారం కాబట్టి అలాంటి కొట్లకు కొదవ లేదు. ఆయన కొత్త కంప్యూటర్ కొన్నాడు. పెట్టె విప్పింది, కేబుళ్లు తగిలించింది, విండోస్ సెటప్ పూర్తి చేసింది, ఆఫీసు సాఫ్ట్‌వేరూ తెలుగు ఫాంట్లూ ఎక్కించింది, ప్రింటర్ కలిపింది దుకాణం పంపిన కుర్రాడు. అతనికి ఆ రోజు ఇంకా తిరగాల్సిన కొట్లున్నాయి. గోప్యత పేజీ వస్తే బొత్తాం నొక్కి ముందుకు పోయాడు. అతని తప్పేమీ లేదు, అతని పని యంత్రం నడిచేలా చేయడమే. యజమానికి అందింది సిద్ధమైన డెస్క్‌టాప్. తన తరఫున ఆరు ప్రశ్నలకు ఆరు జవాబులు వెళ్లిపోయాయని ఆయనకు తెలియదు. పేజీ మామూలుగా మళ్లీ రాదు కాబట్టి తెలిసే సందర్భమూ రాదు.

ఇంతకీ ఆ జవాబుల వల్ల ఏం బయటికి పోతుంది? మైక్రోసాఫ్ట్ తన పత్రాల్లో దీన్ని రెండు అంచెలుగా చెబుతుంది. మొదటిది ‘తప్పనిసరి’ డేటా. హోమ్, ప్రో ఎడిషన్లు వాడేవాళ్లు దీన్ని ఆపలేరు. ప్రాసెసర్ ఏది, మెమరీ ఎంత, బ్యాటరీ, కెమెరా, నెట్‌వర్క్ వివరాలు, ఏ ప్రోగ్రాములు ఎక్కించి ఉన్నాయి, ఏ పరికరాలు తగిలించి ఉన్నాయి, అప్‌డేట్లు సరిగా కూర్చున్నాయా లేదా? ఇవి యంత్రం ఆరోగ్యానికి సంబంధించినవే అనుకోవచ్చు. రెండోది ‘ఐచ్ఛికం’. ఇందులో మైక్రోసాఫ్ట్ బ్రౌజర్‌లో చూసిన వెబ్‌సైట్లు, యాప్‌లను వాడే తీరు, ఇంకా వివరమైన క్రాష్ నివేదికలు ఉంటాయి. ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగుదాం.

ప్రోగ్రామ్ హఠాత్తుగా కుప్పకూలినప్పుడు, కారణం తెలియాలంటే ఆ క్షణాన మెమరీలో ఏముందో చూడాలి. అందుకని ఐచ్ఛిక డేటా ఆన్‌లో ఉంటే మెమరీ ముక్కలు నివేదికలో చేరవచ్చు. ఆ ముక్కల్లో అప్పుడు తెరిచి ఉన్న ఫైలులోని భాగాలు అనుకోకుండా కలిసిపోయే అవకాశం ఉందని కంపెనీయే స్పష్టంగా రాసింది. మన డాక్యుమెంట్ రైటర్ దగ్గర తెరిచి ఉండే ఫైలు సేల్ డీడ్. అందులో అమ్మేవాళ్ల, కొనేవాళ్ల పేర్లు, తండ్రుల పేర్లు, వయసు, చిరునామా, ఆధార్, పాన్ నంబర్లు, సర్వే నంబరు, ప్లాటు నంబరు, ఎన్ని గజాలు, నాలుగు హద్దులు, చేతులు మారిన సొమ్ము, సాక్షుల వివరాలు ఉంటాయి. ప్రతి క్రాష్‌లోనూ ఇవన్నీ పోతాయని అనడం లేదు. పోయినా వేల మైళ్ల దూరంలో ఎవరో కూర్చుని చదువుతారనీ కాదు. కానీ ఈ స్విచ్ మీద హక్కు ఎవరిదో ఆలోచించండి. బొత్తాం నొక్కినవాడు దుకాణం కుర్రాడు. యంత్రం డాక్యుమెంట్ రైటర్‌ది. ఆధార్ నంబరు మాత్రం కోహెడ నుంచి ప్లాటు అమ్ముకోవడానికి వచ్చిన ఒక పెద్దాయనది కావచ్చు. గోప్యత తెర మీద ఆయనకు చోటే లేదు. వ్యక్తిగత కంప్యూటర్ అని పిలిచే యంత్రంలో పది మంది వ్యక్తులుంటారన్న సంగతి ఈ ఏర్పాటు తయారుచేసినవాళ్ల లెక్కలో లేదని నా అభిప్రాయం.

కంపెనీ వైపు వాదన కూడా బలమైనదే. దాన్ని కొట్టిపారేయడం న్యాయం కాదు. 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చినప్పటి నుంచి క్రాష్ నివేదికలు పెద్ద ఎత్తున పోగవుతున్నాయి. ఒకే కారణంతో కూలిన వేల నివేదికలను ఒకే గుట్టలో వేసి, ఏ గుట్ట పెద్దదో చూసి, ముందు దాన్ని బాగుచేసే పద్ధతిని ఇంజనీర్లు రూపొందించారు. 2002లో అప్పటి కంపెనీ అధినేత స్టీవ్ బామర్ ఖాతాదారులకు రాసిన లేఖలో ఆ నివేదికల వల్ల తేలిన సంగతి చెప్పాడు: అయిదో వంతు లోపాలే నూటికి 80 క్రాష్‌లకు కారణం, కేవలం 1 శాతం లోపాలు సగం క్రాష్‌లకు కారణం. అంతకుముందు ఇంజనీర్లు ఏ లోపాన్ని ముందు పట్టుకోవాలో ఊహించి పనిచేసేవాళ్లు. ఈ లెక్క చేతికొచ్చాక ఊహ అవసరం తగ్గింది. ఇవాళ విండోస్ ఒకప్పటంత తరచుగా కుప్పకూలడం లేదంటే అందులో మనందరి యంత్రాలు పంపిన చీటీల పాత్ర ఉంది. తుర్కయాంజాల్ నుంచి బొంగుళూరు గేట్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే గచ్చిబౌలి ఎంతో దూరం కాదు. 1998లో హైదరాబాద్‌లో మొదలైన మైక్రోసాఫ్ట్ ఇండియా డెవలప్‌మెంట్ సెంటర్ అక్కడే ఉంది. కంపెనీకి అమెరికా బయట ఉన్న అతిపెద్ద పరిశోధనాభివృద్ధి కేంద్రాల్లో అదొకటి. 2014 ఫిబ్రవరి నుంచి ఆ కంపెనీని నడుపుతున్న సత్య నాదెళ్ల బేగంపేటలో చదువుకున్నవాడు. టెలిమెట్రీని విస్తారంగా పెంచిన విండోస్ 10 ఆయన హయాంలోనే, 2015 జూలై 29న వచ్చింది. కాబట్టి ఈ చర్చ ఎక్కడో పరాయి దేశపు సంగతి కాదు. నిర్ణయాలు తీసుకునే గదుల్లో తెలుగు తెలిసినవాళ్లు కూర్చుని ఉన్నారు.

‘డేటాలో మీ పేరు ఉండదు, ఉత్త గుర్తింపు సంఖ్యే ఉంటుంది’ అన్నది తరచుగా వినిపించే సమాధానం. పేరు తీసేస్తే మనిషి కనబడకుండా పోతాడా? లతాన్యా స్వీనీ అనే అమెరికన్ శాస్త్రవేత్త 2000లో లెక్కవేసి చూపింది: పుట్టిన తేదీ, ఆడా మగా, అయిదంకెల పిన్‌కోడ్, ఈ మూడూ తెలిస్తే చాలు, అమెరికా జనాభాలో సుమారు 87 శాతం మందిని ఒక్కొక్కరిగా వేరుచేయవచ్చు. 2013లో ఈవ్ అలెగ్జాండర్ ద మోంట్‌జాయ్, ఆయన సహచరులు 15 లక్షల మంది సెల్‌ఫోన్ కదలికలను పరిశీలించారు. ఒక మనిషి ఏ సమయానికి ఎక్కడున్నాడో నాలుగు సందర్భాలు తెలిస్తే 95 శాతం మందిని గుంపులోంచి విడదీయగలమని తేల్చారు. రోజూ పొద్దున తుర్కయాంజాల్‌లో బయలుదేరి, ఆదిభట్ల సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పగలంతా ఉండి, సాయంత్రం ఫలానా బడి దగ్గర ఆగి ఇంటికొచ్చే ఫోన్‌కు పేరు రాసి ఉండనక్కరలేదు. ఆ దారిలో నడిచేది ఒక్కరే.

అయితే లోపాలు బాగుచేయడానికి డేటా కావాలి, డేటా ఇస్తే మనిషి బయటపడతాడు. ఈ చిక్కుముడికి విప్పే దారి లేదా? ఉంది. గణాంకశాస్త్రంలోని అందమైన ఆలోచనల్లో అదొకటి. 1965లో స్టాన్లీ వార్నర్ అనే అమెరికన్ దానికి పునాది వేశాడు. జనం దాచుకునే సంగతుల గురించి నిజం రాబట్టడం ఎలా అన్నది ఆయన సమస్య. దాని సులభ రూపం ఒకటి చూద్దాం.

తుర్కయాంజాల్‌లో 1000 ఇళ్ల వాళ్లను ‘మీకు ఇంటిపన్ను బకాయి ఉందా?’ అని అడగాలి. నేరుగా అడిగితే చాలామంది లేదనే అంటారు. అందుకని ప్రతి ఒక్కరికీ ఒక రూపాయి బిళ్ల ఇచ్చి, చాటుకు వెళ్లి ఎగరేయమంటాం. బొమ్మ పడితే నిజం చెప్పాలి. బొరుసు పడితే మళ్లీ ఎగరేసి, ఈసారి బొమ్మ పడితే ‘ఉంది’ అనీ, బొరుసు పడితే ‘లేదు’ అనీ చెప్పాలి, నిజంతో పనిలేదు. బిళ్ల ఎలా పడిందో అడిగేవాడికి తెలియదు. ఇప్పుడు 400 మంది ‘ఉంది’ అన్నారనుకోండి. సుమారు 500 మందికి మొదటిసారి బొరుసు పడి ఉంటుంది. వాళ్లలో సగం, అంటే 250 మంది, బిళ్ల మాట విని ‘ఉంది’ అని ఉంటారు. మిగిలిన 150 నిజం చెప్పిన 500 మందిలోంచి వచ్చినవి. 500లో 150 అంటే 30 శాతం. ఊరి మొత్తం మీద సుమారు 300 ఇళ్లకు బకాయి ఉందని తేలింది. కానీ ‘ఉంది’ అన్న ఏ ఒక్కరినీ వేలెత్తి చూపలేం. ‘బిళ్ల చెప్పమంది’ అనే జవాబు వాళ్ల దగ్గర ఎప్పుడూ ఉంటుంది. ఊరి గురించి తెలిసింది, మనిషి గురించి తెలియలేదు.

ఈ ఆలోచనకు సింథియా డ్వర్క్, ఆమె సహచరులు 2006లో గట్టి గణిత రూపం ఇచ్చారు. దాన్ని డిఫరెన్షియల్ ప్రైవసీ అంటున్నారు. 2014లో గూగుల్ క్రోమ్ బ్రౌజర్‌లో ఇలాంటి పద్ధతిని వాడింది. ఆపిల్ 2016లో ఐఓఎస్ 10తో మొదలుపెట్టింది. 2017లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు బోలిన్ డింగ్, జనార్దన్ కులకర్ణి, సెర్గీ యెఖానిన్ టెలిమెట్రీకే సరిపోయే పద్ధతిని ప్రచురించారు. అందులో వాళ్లు ఎదుర్కొన్న చిక్కు చెప్పుకోదగ్గది. ఒకే మనిషిని రోజూ అదే ప్రశ్న అడిగి రోజూ బిళ్ల ఎగరేయిస్తే, కొన్నాళ్లకు ‘ఉంది’లు ‘లేదు’ల కన్నా ఎక్కువున్నాయో తక్కువున్నాయో చూసి అతని నిజం పట్టేయవచ్చు. కంప్యూటర్ రోజూ జవాబిచ్చే యంత్రం కాబట్టి ఈ ప్రమాదం నిజమైనదే. మొదట పడిన బిళ్లను గుర్తుపెట్టుకుని మళ్లీ మళ్లీ అదే జవాబు వచ్చేలా చేయడం వంటి ఉపాయాలతో వాళ్లు దాన్ని అడ్డుకున్నారు. ఈ పద్ధతి లక్షలాది యంత్రాల్లో నడిచింది కూడా. ఒక పరిమితి మాత్రం ఉంది: జనం ఎక్కువగా ఉంటేనే లెక్క కుదురుతుంది. పది ఇళ్లలో బిళ్లలు ఎగరేయిస్తే వచ్చేది గందరగోళమే. కోట్ల యంత్రాలున్న కంపెనీకి ఆ ఇబ్బంది లేదు. అందుకే ‘డేటా ఇవ్వండి లేదా లోపాలతో బతకండి’ అన్నట్టు మాట్లాడేవాళ్లను నేను నమ్మను. మూడో దారి ఉందని మైక్రోసాఫ్ట్ పరిశోధకులే నిరూపించారు. దాన్ని ఎంత విస్తారంగా వాడాలన్నది ఇప్పుడు విజ్ఞానశాస్త్రం చేతిలో లేదు, ఇష్టం చేతిలో ఉంది.

ఆ ఇష్టం బయటపడేది డిఫాల్ట్‌లో, అంటే మనం వేలు పెట్టకముందే స్విచ్ ఏ వైపు ఉందన్న దానిలో. ఎరిక్ జాన్సన్, డేనియల్ గోల్డ్‌స్టీన్ 2003లో అవయవదాన సమ్మతి గురించి రాసిన వ్యాసం దీని బలాన్ని చూపిస్తుంది. అడిగి ఒప్పుకుంటేనే దాతగా లెక్కించే జర్మనీలో సమ్మతి 12 శాతం. వద్దని చెప్పనివాళ్లందరినీ దాతలుగా లెక్కించే పొరుగు దేశం ఆస్ట్రియాలో అది 99.98 శాతం. సరిహద్దు దాటగానే మనుషుల మనసులు అంతగా మారవు. మారింది ఫారం. సాఫ్ట్‌వేర్‌లోనూ ఇంతే. లినక్స్ మీద నడిచే ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ 2012 అక్టోబరులో డెస్క్‌టాప్ వెతుకులాటను అమెజాన్ సరుకులతో కలిపినప్పుడు పెద్ద గొడవ అయింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమకారుడు రిచర్డ్ స్టాల్‌మన్ దాన్ని నిఘా సాఫ్ట్‌వేర్ అని తిట్టాడు. 2016 నాటికి అది డిఫాల్ట్‌గా ఆగిపోయింది. డెబియన్ లినక్స్‌లోనూ ఏ ప్యాకేజీలు వాడుతున్నారో లెక్కించే ఏర్పాటు ఉంది, కానీ అది సెటప్‌లో అడుగుతుంది, ‘వద్దు’ మీద గుర్తు పెట్టి అడుగుతుంది. ఇవ్వాలనుకున్నవాళ్లే ఇస్తారు. అయినా డెబియన్ నడుస్తూనే ఉంది.

ఫ్రాన్స్ డేటా రక్షణ సంస్థ 2016 జూలైలో మైక్రోసాఫ్ట్‌కు నోటీసు ఇచ్చింది. ఏ యాప్‌లు దింపుకున్నారు, ఒక్కో దానిమీద ఎంతసేపు గడిపారు అన్నవి విండోస్ నడవడానికి అవసరమైన సమాచారం కాదనీ, ప్రకటనల గుర్తింపు సంఖ్యను అడగకుండానే ఆన్ చేస్తున్నారనీ అది తప్పుపట్టింది. ఏడాది తిరక్కముందే కంపెనీ కనీస అంచె డేటాను దాదాపు సగానికి తగ్గించింది. 2024 మే నెలలో మైక్రోసాఫ్ట్ ‘రీకాల్’ను ప్రకటించింది. కొన్ని క్షణాలకొకసారి తెరను ఫొటో తీసి యంత్రంలోనే దాచిపెట్టి, తరవాత వెతుక్కునే వీలిచ్చే సౌకర్యం. ఆ ఫొటోల ఖజానాకు సరైన తాళం లేదని భద్రతా నిపుణులు బయటపెట్టారు. నెల తిరిగేలోగా కంపెనీ వెనక్కి తగ్గింది. వాడేవాళ్లు కోరితేనే ఆన్ అయ్యేలా మార్చి, దాదాపు ఏడాది తరవాత విడుదల చేసింది. గట్టిగా అడిగితే స్విచ్ కదులుతుందని రెండు సందర్భాలూ చెబుతున్నాయి. మనవైపు నుంచి ఆ గొంతు ఇంకా బలంగా లేవలేదు.

లేవడానికి ఆధారం లేక కాదు. చూస్తూ ఊరుకోవడం కూడా హాని చేయడమేనా అన్న ప్రశ్నను ఈ దేశంలో అందరికన్నా ముందు సూటిగా ఎదుర్కొన్నవాళ్లలో ఒక తెలుగువాడు ఉన్నాడు. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే మనిషిని దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. కానీ పోలీసులు అతని పేరిట రికార్డు తెరిచారు. ఇంటి బయట రహస్యంగా కాపలా, రాత్రిపూట తలుపు తట్టి లేపడం, ఎక్కడికి పోయాడు ఎప్పుడొచ్చాడు అని రాసుకోవడం. 1962 డిసెంబరు 18న సుప్రీంకోర్టు తీర్పులో ఎక్కువమంది న్యాయమూర్తులు రాత్రి తలుపు తట్టడం ఒక్కటే రాజ్యాంగవిరుద్ధమన్నారు. కదలికలను గమనించి రాసుకోవడంలో వాళ్లకు తప్పు కనబడలేదు. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా చేసిన కోకా సుబ్బారావు, జస్టిస్ షాతో కలిసి దానికి ఒప్పుకోలేదు. గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమన్నాడు. కాళ్లకు సంకెళ్లు లేకపోయినా, ఎవరో కనిపెట్టి చూస్తున్నారని తెలిసిన మనిషి స్వేచ్ఛగా తిరగలేడన్నది ఆయన వాదన. ఆనాడు అది మైనారిటీ తీర్పు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కని ప్రకటిస్తూ సుబ్బారావు చూపే సరైనదని నిలబెట్టారు. కృష్ణా జిల్లా నుంచి వెళ్లిన జస్టిస్ చలమేశ్వర్ ఆ ధర్మాసనంలో ఉండి విడిగా తీర్పు రాశారు. తలుపు తట్టనంత మాత్రాన నిఘా నిఘా కాకుండా పోదని చెప్పడానికి 55 ఏళ్లు పట్టింది. సుబ్బారావు ముందున్నది పోలీసు రికార్డు, మన ముందున్నది కంపెనీ సర్వర్. ఒకటి ప్రభుత్వ శక్తి, రెండోది వ్యాపార ఒప్పందం. చట్టం దృష్టిలో ఆ తేడా ఉంది. కానీ గమనింపుకు గురైన మనిషికి కలిగే బెరుకు ఒక్కటే.

ఆ తీర్పు వచ్చిన ఆరేళ్లకు, 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి. సమ్మతికి సంబంధించిన ముఖ్యమైన బాధ్యతలకు పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, తెలిసి ఇచ్చినదై ఉండాలంటుంది చట్టం. నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా, అంటే తెలుగులోనూ, చదువుకునే వీలు కల్పించాలంటుంది. దుకాణం కుర్రాడు నొక్కిన ఇంగ్లిష్ బొత్తాం ఆ కొలతకు ఏ మాత్రం తూగదు. కంపెనీలు ఈ గడువులో ఆ ఆరు స్విచ్‌ల పేజీని ఎలా మారుస్తాయో గమనిస్తూ ఉండాలి.

ఇంతసేపూ కంప్యూటర్ గురించి మాట్లాడుకున్నాం గానీ మనలో ఎక్కువమంది చేతిలో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఫోన్‌లోది. డబ్లిన్ ట్రినిటీ కాలేజీ ప్రొఫెసర్ డగ్లస్ లీత్ 2021లో కొలిచి చూశాడు. ఏ పనీ చెప్పకుండా బల్ల మీద పెట్టిన ఫోన్ కూడా సగటున నాలుగున్నర నిమిషాలకొకసారి తయారీదారు సర్వర్లతో మాట్లాడుతుంది, ఆండ్రాయిడ్ అయినా ఐఫోన్ అయినా. ఆండ్రాయిడ్ పంపే పరిమాణం ఐఫోన్ కన్నా సుమారు 20 రెట్లు ఎక్కువని ఆయన లెక్క. గూగుల్ ఆ లెక్కను ఒప్పుకోలేదు. ఫోన్ సంగతి వేరే అధ్యాయం అడుగుతుంది కాబట్టి ఇక్కడితో ఆపుతాను. ప్రకటనల గుర్తింపు సంఖ్యను ఆండ్రాయిడ్ సెట్టింగుల్లో పూర్తిగా తొలగించే వీలుందని మాత్రం చెప్పి ముందుకు వెళతాను.

మన డాక్యుమెంట్ రైటర్ దగ్గరికి తిరిగి వద్దాం. ఆయన చేయగలిగింది చాలానే ఉంది. సెట్టింగుల్లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’లోకి వెళ్లి, ‘డయాగ్నస్టిక్స్ అండ్ ఫీడ్‌బ్యాక్’ తెరిచి, ఐచ్ఛిక డేటాను ఆపేయాలి. దస్తావేజులు రాసే యంత్రానికి ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఆ పేజీలోనే ఇప్పటిదాకా ఆ యంత్రం నుంచి పోయిన డయాగ్నస్టిక్ డేటాను చెరిపేయమని కోరే బొత్తాం ఉంటుంది. పోయే చీటీలను స్వయంగా చదివే సాధనం కూడా ఉంది, 2018 నుంచి ఇస్తున్నారు. ఒక్క గంట దాన్ని తెరిచిపెట్టి మామూలుగా పని చేసుకుని చూడమని కంప్యూటర్ నేర్పే ప్రతి ఉపాధ్యాయుడికీ నా విన్నపం. యంత్రం ఏం రాస్తుందో పిల్లలకు పుస్తకం కన్నా అదే బాగా చెబుతుంది.

ఇంకో సంగతి స్విచ్‌ల కన్నా బరువైనది. విండోస్ 11 సెటప్ మైక్రోసాఫ్ట్ ఖాతా అడుగుతుంది. తొందరలో దుకాణం మనిషి తన ఖాతాతోనో, అప్పటికప్పుడు సృష్టించిన ఖాతాతోనో లాగిన్ అయి పని ముగిస్తే, కొత్త వెర్షన్లలో డిస్కు గుప్తీకరణ దానంతటదే మొదలై, దాని రికవరీ కీ ఆ ఖాతాలో చేరుతుంది. రేపు మదర్‌బోర్డు మార్చినప్పుడో, అప్‌డేట్ తేడా చేసినప్పుడో యంత్రం ఆ కీ అడిగితే, ఇరవై ఏళ్ల దస్తావేజుల తాళం ఎవరి దగ్గరుందో వెతుక్కోవాలి. కాబట్టి సెటప్ రోజున యజమాని పక్కన కూర్చోవాలి. ఖాతా తనది, పాస్‌వర్డ్ తనది, కీ కాగితం మీద రాసి తన బీరువాలో ఉండాలి. ఇప్పటికే వాడుతున్న యంత్రమైతే, ఏ ఖాతాతో నడుస్తోందో ఈ రోజే చూసుకోవాలి.

పూర్తిగా బయటపడాలనుకునేవాళ్లకు లినక్స్ ఉంది. హైదరాబాద్‌లో ‘స్వేచ్ఛ’ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమ సంస్థ తెలుగు డెస్క్‌టాప్‌తో ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌నే తయారుచేసింది. కళాశాలల్లో దాని కార్యకర్తలు ఏళ్లుగా పనిచేస్తున్నారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్‌లోనూ తెలుగు ఉంది. డాక్యుమెంట్ రైటర్‌కు ఆ దారి అంత తేలిక కాదు. ఏళ్ల తరబడి తయారుచేసుకున్న నమూనా పత్రాలు, ఫాంట్లు, ప్రింటర్ డ్రైవర్లు ఆయన్ను విండోస్‌కు కట్టేసి ఉంచుతాయి. విద్యార్థులకు ఆ బంధాలు లేవు.

ఇబ్రహీంపట్నం చుట్టూ ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలకైతే ఇంకో వెసులుబాటు ఉంది, చాలామందికి తెలియనిది. విండోస్ ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో తప్పనిసరి డేటాను కూడా పూర్తిగా ఆపేసే అంచె ఉంది. హోమ్ కొనుక్కున్న ఇంటివాడికి లేని ఆ స్విచ్, ఎడ్యుకేషన్ లైసెన్సు తీసుకున్న కాలేజీకి ఉంది. ల్యాబ్‌లో అరవై యంత్రాలుంటే, యంత్రాలన్నిటి నియమాలనూ ఒకే చోట మార్చే గ్రూప్ పాలసీలో ఒక్క వరుస మారిస్తే అరవై యంత్రాల చీటీలూ ఆగుతాయి. ఆ వరుస మార్చే అధికారం సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ చేతిలో ఉంది, మార్చమని అడిగే హక్కు ఆ యంత్రాల ముందు కూర్చునే విద్యార్థులకు ఉంది.